వీధి ఊడ్చే ఆమెను అడగండి

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది సోంపేట దగ్గర పల్లెటూరు. పెళ్ళయి విజయనగరం వచ్చి పదకొండేళ్ళు. కంటోన్మెంటు వైపు అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు మాది. పాప నాలుగో తరగతి. దసరా సెలవులకి "మీ ఇంటి చుట్టుపక్కల ఈ కాలంలో పూసే పూలు ఐదు రాయండి" అని హోంవర్క్ ఇచ్చారు. పాప ఫోన్లో వెతికి గులాబీ, మల్లె, తామర, లిల్లీ, పొద్దుతిరుగుడు అని రాసేసింది. ఇందులో ఒక్కటీ మా వీధిలో లేదు. నేను చెబుదామని బాల్కనీలో నిలబడితే నాకూ ఏమీ తోచలేదు. మా ఊళ్ళో ఉన్నప్పుడు ఏ నెల ఏం పూస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఇక్కడ ఏసీ వేసే కాలం, ఏసీ ఆపే కాలం, అంతే. ఆ రాత్రి ఎందుకో ఏడుపొచ్చింది. మర్నాటి నుంచి దారిలో ఆగి చెట్లు చూస్తుంటే మా ఆయన "రోడ్డు మీద నిలబడి చెట్లకేసి చూస్తే జనం ఏమనుకుంటారు" అంటున్నారు. మొక్కల పేర్లు చెప్పే యాప్ వేసుకోవాలా? పుస్తకం కొనాలా? బాల్కనీలో కుండీలు పెట్టాలా? ఇంకొకటి. వారం రోజులుగా రాత్రి ఎనిమిది దాటాక మా గేటు దగ్గర ఒకటే ఘాటు వాసన. ఎవరో సెంటు కొట్టుకున్నారని వాచ్‌మన్, డ్రైనేజీలో మందు వేశారని మా ఆయన. ఏమై ఉంటుంది?
ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: ఆ వాసన సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆ ఏడుపు సంగతి.

మీ ఊళ్ళో పూల లెక్క మీకు ఎవరు నేర్పారో గుర్తు తెచ్చుకోండి అమ్మా. కూర్చోబెట్టి ఎవరూ నేర్పి ఉండరు. పెరట్లో అంట్లు తోముకుంటూ మీ అమ్మ "జీడి పూత దిగింది" అని ఉంటుంది. గట్టు మీంచి వచ్చిన మీ నాన్న "మొగలి విచ్చినట్టుంది, దారంతా వాసన" అని కాళ్ళు కడుక్కుని ఉంటారు. పక్కింటావిడ తన పనసకి ఎన్ని పిందెలు నిలిచాయో గోడ మీంచి లెక్క చెప్పి ఉంటుంది. మీ సోంపేట వైపు ఉద్దానంలో ఇళ్ళు గడిచేది జీడి, కొబ్బరి, పనసల మీద. పూత మాడిందంటే ఆ ఏడు ఇంటి ఖర్చు తగ్గించుకోవాల్సిందే. అందుకే పూత కబురు నోటి నుంచి నోటికి తిరుగుతుంది. మీరు చెట్టు దగ్గరకి వెళ్ళకపోయినా మీ చెవిన పడేది. ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచిలో వానాకాలం నత్తగుల్ల కొంగలు దిగితే చూడండి, మొదటి కొంగని చూసినవాడు ఊరంతటికీ చెప్పకుండా ఉండగలడా?

విజయనగరం వచ్చాక మీ కళ్ళకేం కాలేదు. మీకు కబురు చెప్పే మనుషులు లేకుండా పోయారు. పూలు ఇక్కడా పూస్తున్నాయి, ఆ మాట మీతో అనేవాళ్ళు మూడో అంతస్తు దాకా ఎక్కి రావడం లేదు. కాబట్టి ఈ జవాబులో మొక్కల కన్నా మనుషులే ఎక్కువ కనిపిస్తారు, ఏమనుకోకండి.

మనది చెట్టంటే పట్టని ఊరని కూడా అనుకోవద్దు. ఒక పేటకి పూల్‌బాగ్ అని పేరు పెట్టుకున్నాం, ఇంకో పేటకి తోటపాలెం అని. (నేనుండేది తోటపాలెంలోనే. తోట ఎక్కడని మాత్రం అడక్కండి.) మొన్ననే పైడితల్లి పండగలో సిరిమాను చూశారు కదా. ఏటా పండగకి ముందు ఈ ఊళ్ళో కిరాణా కొట్టు నుంచి కాలేజీ దాకా ఒకటే ప్రశ్న, "ఈసారి మాను ఎక్కడ దొరికింది?" అని. పైడితల్లి అమ్మవారు పూజారి కలలో కనపడి ఫలానా చోట ఉన్నానని చెబుతుందని నమ్మకం. వెతికి, ఆ చింతచెట్టుకి పసుపు కుంకుమలు పెట్టి, పూజ చేసి, కొట్టి తెస్తారు. దసరా వెళ్ళిన మంగళవారం దాని కొసన పూజారి కూర్చుంటే, మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోటకి మూడుసార్లు తిప్పుతారు. అంత జనం తలెత్తి చూసేది ఒక చింతమానుని. ఆ కొద్ది వారాలూ ఊరంతా చెట్టు కబుర్లే. ముందురోజు తొలేళ్ళు, మర్నాడు సిరిమాను అయిపోగానే మళ్ళీ అందరం ఫోన్లలో తల దూరుస్తాం.

ఇక మీరు ఎవరిని పట్టుకోవాలంటే, మీ వీధి ఊడ్చే ఆమెని. వేళాకోళం కాదు. ఏ చెట్టు ఏ నెలలో ఆకు రాలుస్తుంది, ఏ పువ్వు తడి నేలకి అతుక్కుని చీపురికి రాదు, ఏ కాయ చితికి మరక పెడుతుంది, ఇవన్నీ ఆమె నడుముకి తెలుసు. మా వీధి ఊడ్చే ఆమె ఒక మాఘమాసం పొద్దున చీపురు గోడకి ఆనించి నిలబడి ఉంటే, ఏ చెట్టుతో ఎక్కువ బాధ అని అడిగాను. "కానుగైతే ఒక్కపాలే రాల్సీస్తాదమ్మా. నాలుగు రోజులు నడుం ఇరిగిపోద్ది, మరింకేటీ ఉండదు. యేప రోజూ కాసింత కాసింత. నిద్రగన్నేరు మాటెత్తకు" అంది.

మూడు ముక్కల్లో మూడు చెట్ల నడవడి చెప్పేసింది. కానుగ నిజంగా అంతే. ఎండలు మొదలయ్యే వేళ ఆకంతా ఒక్కసారి దించేస్తుంది, వారం తిరక్కుండానే నూనె రాసినట్టు మెరిసే లేతాకు వేస్తుంది. అలాంటి ఆకుపచ్చ ఏడాదిలో మళ్ళీ కనపడదు. తర్వాత ఏప్రిల్, మే నెలల్లో చెట్టు కింద పేలాలు పారబోసినట్టు పూలు రాలతాయి, తెలుపులో కాస్త ఊదా కలిసి. చెట్టు మీద ఉన్నప్పుడు ఎవరూ గమనించని పువ్వు అది, నేల మీద పడ్డాకే దాని అందం. ఊడ్చే ఆమె రాకముందే వెళ్ళి చూడాలి. ఇక నిద్రగన్నేరు మీద ఆమెకి కోపం ఎందుకంటే అది ఆకు, పువ్వు, కొమ్మపుల్ల అన్నీ రాలుస్తుంది, పైగా కాయలు జిగురు. పశువులకి మాత్రం ఆ తియ్యటి కాయలంటే ప్రాణం.

ఆ నిద్రగన్నేరునే దైవంలా చూసిన మనిషి ఒకతను ఉండేవాడు, మా మూల మీద ఇస్త్రీ బండి అతను. అప్పట్లో అక్కడ పెద్ద చెట్టు ఉండేది. ఆ చెట్టు ఆకులు సాయంత్రానికి ముడుచుకుంటాయి, మబ్బు బాగా కమ్మితే పట్టపగలే ముడుచుకుంటాయి. ఆకు మొదట్లో చిన్న ఉబ్బు లాంటిది ఉంటుంది. అందులో నీరు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరిగితే ఆకు వాలుతుంది. ఇతనికి ఆ సంగతి తెలీదు, అక్కర్లేదు కూడా. మధ్యాహ్నం ఆకు ముడుచుకోవడం చూస్తే దండెం మీద బట్టలు తీసి మూట కట్టేసేవాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఆ చెట్టుని పడగొట్టింది. తర్వాత మూడు రోజులు అతను బండిని వీధి ఈ చివర నుంచి ఆ చివరకి తోసుకుంటూనే తిరిగాడు. ఏ వేళకి నీడ ఎటు జరుగుతుందో చెట్టుతో వేసుకున్న లెక్కంతా పోయింది కదా. పదేళ్ళు ఆ చెట్టు కింద నిలబడి బట్టలు ఇచ్చి తీసుకున్నదాన్ని నేను, దాని పువ్వు ఏ రంగంటే చెప్పలేకపోయాను. (లేత గులాబి. పౌడరు అద్దుకునే కుచ్చులా ఉంటుంది.) ఇప్పుడు కాలమ్ రాస్తున్నాను కానీ మీ బాల్కనీలో మీరు నిలబడిపోయినట్టే నేనూ అప్పుడు నిలబడిపోయాను.

పూలమ్మేవాళ్ళ దగ్గరా నేర్చుకోవచ్చు, కాకపోతే చిన్న తిరకాసు ఉంది. కడియం వైపు నుంచి దిగే బుట్టల్లో గులాబీ, చామంతి, లిల్లీ ఏడాది పొడుగునా ఉంటాయి, ఆ బుట్ట చూసి ఏ కాలమో చెప్పలేం. చుట్టుపక్కల పల్లె నుంచి తడిగుడ్డలో చుట్టుకొచ్చి, ఏదో ఒక అరుగు వార కూర్చునే ముసలమ్మ దగ్గర ఆగండి. ఆమె దగ్గర ఊదారంగు డిసెంబరాలు కనపడితే చలి వచ్చినట్టు. మల్లెమూర ధర దిగిందంటే ఎండలు ముదిరినట్టు. గుమ్మడిపూలు తెచ్చిందంటే ధనుర్మాసం, గొబ్బిళ్ళ మీదకి. పక్కనే ముద్దబంతి ఉంటుంది. అన్నట్టు, ఆ బంతి పుట్టిల్లు మెక్సికో. మన సంక్రాంతికి దాన్ని మించిన తెలుగు పువ్వు లేదనుకుంటాం.

మీ ఆయన మాటకి వస్తాను. ఆయన అన్నదాంట్లో కొంత నిజం ఉంది. ఆడమనిషి ఊరికే రోడ్డు మీద నిలబడితే మన దగ్గర నలుగురు చూస్తారు. ఉపాయం చాలా సులువు. చేతిలో పాల ప్యాకెట్టు పట్టుకోండి. కొత్తిమీర కట్టైనా సరే. చేతిలో సరుకుంటే ఎవరూ రెండోసారి చూడరు, పని మీద వచ్చి ఆగిందనుకుంటారు. ఎవరైనా "ఏటమ్మా, సెట్టు కేసి సూత్తన్నావు, కాకి గూడేటైనా ఉందా?" అని అడిగారంటే మరీ మంచిది, "ఇదేం చెట్టు?" అని ఎదురు అడగండి. తప్పు చెప్పినా ఫర్వాలేదు. రేపు ఇంకొకరు దిద్దుతారు, ఆ పేచీలో మీకు రెండు పేర్లు తెలుస్తాయి.

ఎంత దూరం తిరగాలి? అసలు తిరగొద్దు. మీ గేటు నుంచి పాప స్కూలు ఆటో ఎక్కే చోటు దాకా ఎంత ఉంటే అంతే. రోజూ అదే ముక్క. ఆదివారం కారేసుకుని తాటిపూడి వెళ్ళి ఫొటోలు దిగితే సరదాగా ఉంటుంది, వెళ్ళండి, కాదనను. కానీ ఏ పువ్వు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో తెలియాలంటే నిన్న చూసిన కొమ్మనే ఇవాళా చూడాలి. వంటింటి గోడకి తిథులున్న క్యాలెండరు ఉంటుంది కదా, పాలు ఎన్ని, గ్యాస్ ఎప్పుడు బుక్ చేశాం అని రాస్తారే, ఆ గడిలోనే ఒక్క మాట రాయండి. "కానుగ రాలింది." "కోయిల అరిచింది." అంతకన్నా వద్దు. నోటుపుస్తకం పెడితే పది రోజులకి అటకెక్కుతుంది, నా అనుభవం. క్యాలెండరు మాత్రం కొత్త ఏడాది వచ్చాక పారేయకండి. పాతదాన్ని కొత్తదాని వెనకే తగిలించండి. నిరుటి గడీ ఇప్పటి గడీ పక్కపక్కన చూస్తే, ఈసారి మామిడి పూత ఎన్నాళ్ళు ఆలస్యమైందో మీరే చెప్పగలుగుతారు.

ఇక పాప హోంవర్క్. రాసింది కొట్టేయించకండి, పిల్ల చిన్నబుచ్చుకుంటుంది. దాని కిందే ఇంకో ఐదు చేర్చమనండి, రేపు పొద్దున్నే ఇద్దరూ కిందకి దిగి చూసి రండి. ఇది శరదృతువు, అదృష్టం కొద్దీ నేల మీద ఎక్కువగా పూలు కనిపించే కాలం. పారిజాతం ఏదో ఒక ఇంటి ప్రహరీ బయటకి రాలి ఉంటుంది. రాత్రి విచ్చి తెల్లారేసరికి రాలిపోతుంది. తెల్ల రేకులూ వాసనా చీకట్లో తిరిగే రెక్కల పురుగుల కోసం, మన కోసం కాదు. నేల రాలినా దేవుడికి పనికొచ్చే పువ్వు ఇదొక్కటేనంటారు మా అత్తగారు. నారింజ రంగు కాడని పాప వేళ్ళ మధ్య నలిపి చూడమనండి, రంగు అంటుతుంది, పూర్వం దీనితో బట్టలకి అద్దకం వేసేవారు. తర్వాత కాడమల్లె. ఆకాశమల్లె అని కూడా అంటారు. నిటారుగా ఎదిగే పొడవాటి చెట్టు, వేలెడు పొడవు కాడ, చివర తెల్ల పువ్వు. దారం లేకుండా కాడల్నే జడల్లా అల్లుకోవచ్చు. మీకు వచ్చే ఉంటుంది, పాపకి నేర్పండి. ఈ చెట్టు పువ్వు కోయాలంటే నిచ్చెన కూడా చాలదు, రాలినవే గతి.

మూడోది కాలువ గట్టు మీద గడ్డిచేమంతి. పసుపు బొట్టు చుట్టూ నాలుగైదు తెల్ల రేకులు, పొడవాటి కాడ మీద తల ఊపుతూ ఉంటుంది. ఏడాదంతా పూస్తుంది, ఎవరూ నాటరు, ఎవరూ కోయరు. దానికీ ఒక పేరుందని పాప క్లాసులో చెబితే టీచరు ముచ్చట పడతారు. నాలుగోది ఎవరింటి గ్రిల్లుకో పాకిన శంఖుపువ్వు. ఐదోది తుమ్మి, ఖాళీ స్థలాల్లో, వానలకి మొలిచి ఇప్పటికి ముదిరి ఉంటుంది, గుండ్రటి ముడిలోంచి తెల్లగా తొంగిచూసే చిన్న పువ్వు. కావాలంటే ఆరోది రెల్లు. మీ వీధిలో దొరక్కపోవచ్చు. దీపావళికి సోంపేట వెళ్తారుగా, నెల్లిమర్ల దగ్గర చంపావతి ఇసుకలో, అటుపైన నాగావళి దాటేప్పుడు రైలు కిటికీలోంచి చూపించండి. రెల్లు తెల్లబడితే వానలు వెనక్కి తగ్గాయని మా నాన్న లెక్క. తుఫాను నెలలు మాత్రం ఆ లెక్కకి లొంగవు.

వచ్చే వినాయక చవితికి ఒక ఆట చెప్తాను, ఇప్పుడే క్యాలెండరులో రాసుకోండి. ఇరవై ఒక్క పత్రి కట్టలు బజారులో కొనేస్తున్నాం, అందులో సగానికి పైగా ఏ ఆకో ఏదో ఎవరికీ తెలీదు. పూజ పుస్తకంలో జాబితా ఉంటుంది. ముందురోజు పాపని తీసుకుని మీ వీధిలో ఎన్ని దొరుకుతాయో లెక్కపెట్టండి. గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, రావి, మామిడి, గన్నేరు, రేగు, దానిమ్మ, తులసి. మా తోటపాలెంలో నాకు పది దొరికాయి. ఉత్తరేణిని మీరు వెతకక్కర్లేదు, అదే మీ చీర కుచ్చిళ్ళకి పట్టుకుని ఇంటికి వస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పిల్లలతో వెళ్తున్నప్పుడు గన్నేరు జాతి దేన్నీ నోట్లో పెట్టుకోనివ్వద్దు. పచ్చగన్నేరు గింజలు మరీ ప్రమాదం, గుండె మీద పనిచేసే విషం అది. ఉమ్మెత్త కాయా విషమే. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపు మసకబారుతుంది, అందుకని ఆకు తెంపితే మీరే తెంపండి, చేతులు కడిగించండి. ఇంకో మాట, కోపంతోనే అంటున్నాను. పొద్దున్నే వాకింగ్ పేరుతో కొక్కెం కర్ర పట్టుకుని పరాయి ఇళ్ళ గోడల మీంచి మందారాలు లాగేసే భక్తులు మన ఊళ్ళో తక్కువేం లేరు. మీరు ఆ బాపతులో చేరకండి. అడిగి కోసుకుంటే ఆ ఇంటావిడ పువ్వుతో పాటు ఆ మొక్క పూర్వాపరాలన్నీ చెబుతుంది, మనకి కావలసింది అదే కదా.

ఏడాదంతా ఏమేం వస్తాయో నేను చెప్పేస్తే మీకు చూసే పని ఉండదు. రెండు మూడు గుర్తులు ఇచ్చి వదిలేస్తాను. సంక్రాంతి వెళ్ళాక, చెట్టు కింద పెట్టిన స్కూటర్ సీటు జిగురు జిగురుగా తగిలితే తల పైకెత్తండి, మామిడి పూత మీద తేనెమంచు పురుగు చేరిందన్నమాట. బండివాళ్ళు తిట్టుకుంటుంటారు, మీకు మాత్రం అది పూత కబురు. ఆ రోజుల్లోనే బూరుగు ఆకంతా రాల్చేసి ఎర్రటి దొప్పల్లాంటి పూలు పూస్తుంది, తేనె కోసం కాకులూ గోరింకలూ పొద్దున్నే కొట్టుకుంటాయి. పువ్వు నేల మీద పడితే చప్పుడు వినిపిస్తుంది. కోయిల కూడా అప్పుడే గొంతు సవరించుకుంటుంది. పాడేది మగది, నల్లగా, ఎర్ర కళ్ళతో. ఆడది మచ్చల గోధుమరంగులో ఉంటుంది, చాలామంది అది కోయిలే కాదనుకుంటారు. ఎండాకాలంలో కాకి పుల్లలూ ఇనుప తీగ ముక్కలూ ముక్కున కరుచుకుని పోతుంటే గూడు కడుతోందని, కోయిల ఆ గూటి మీద కన్నేసిందని పాపకి చెప్పండి.

ఉగాదికి వేపపువ్వు పొట్లం మాత్రం కొనకండి. పక్క వీధిలో చెట్టు నిండా పూసి రాలుతుంటే పచ్చడికి బజారు నుంచి తెచ్చుకోవడం నాకు నచ్చదు. ఆ తర్వాత తురాయి. మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టుకి తలపాగా మీద కుచ్చు పేరు పెట్టుకున్నాం. ఒక పువ్వు కోసి రేకులు లెక్కపెట్టమనండి. ఐదుంటాయి, నాలుగు ఎర్రన, ఒకటి మాత్రం తెల్లగా ఎర్ర చారలతో వేరుగా ఉంటుంది. వేల పూలున్నా ప్రతి పువ్వులోనూ అలా ఒక్కటే. కేసరాలతో కోడిపందెం ఎలా వేయాలో మీకు నేను చెప్పాలా?

యాప్, పుస్తకం, కుండీలు అన్నారు. యాప్ ఉంచుకోండి కానీ ముందు మనిషిని అడగండి, తర్వాత యాప్ తెరవండి. అది ఇచ్చేది లాటిన్ పేరు, ఆ పేరుతో మీ వీధిలో ఎవరినీ పలకరించలేరు. పుస్తకం రెండో ఏడాది కొనుక్కోవచ్చు. కుండీలు పెట్టండి, మంచిదే. శంఖుపువ్వు గింజ నాలుగు వేస్తే గ్రిల్లంతా పాకుతుంది. కాకపోతే కుండీ మీరు నీళ్ళు పోస్తే పూసేది, వీధి చెట్టు మీతో పని లేకుండా పూసేది. ఒకటి ఉంటే ఇంకోటి అక్కర్లేదనుకోవద్దు.

మీ అమ్మగారికి వారానికోసారి ఫోన్ చేస్తారు కదా. తిన్నావా, మందులు వేసుకున్నావా అయ్యాక "అక్కడ ఏం పూసింది?" అని అడగండి. ఆవిడ ఒక కబురు చెబితే మీరు ఇక్కడి నుంచి ఒకటి చెప్పండి. మొదట్లో "పట్నంలో ఏం పూస్తాయే" అని నవ్వుతారు. నాలుగు వారాలయ్యాక ఆవిడే ముందు అడుగుతారు.

ఇప్పుడు ఆ వాసన. అక్టోబరు, నవంబరుల్లో, రాత్రి పూట, ఘాటుగా, కొందరికి సెంటులా కొందరికి మందులా అనిపించేదంటే నా అనుమానం ఏడాకుల పాల మీద. రేపు పగలు మీ గేటుకి రెండు మూడు వందల అడుగుల్లో వెతకండి. కొమ్మ చుట్టూ గొడుగు పుల్లల్లా ఆకులు ఒకే చోట నుంచి విచ్చుకుని ఉంటాయి, చాలాసార్లు ఏడు, ఒక్కోచోట ఐదారు. తెంపితే పాలు కారతాయి. ఆకుల మధ్య ఆకుపచ్చ కలిసిన తెల్లటి చిన్న పూలు గుత్తులుగా ఉంటాయి. పగలు ముక్కు దగ్గర పెట్టుకున్నా పెద్దగా తెలీదు, చీకటి పడ్డాక వీధంతా కమ్మేస్తుంది. తొందరగా ఎదుగుతుందని హుద్‌హుద్ తర్వాత విశాఖలో విరివిగా నాటారు, ఇప్పుడు తలనొప్పులని తిట్టుకునేవాళ్ళు అక్కడ చాలామంది. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే ఈ రెండు నెలలు రాత్రిళ్ళు ఆ వైపు కిటికీ వేసుకోండి. దీని శాస్త్రీయ నామంలో స్కోలారిస్ అన్న మాట ఉంటుంది. ఒకప్పుడు ఈ చెక్కతో బడిపిల్లల పలకలు చేసేవారు, అందుకని. అదైతే పాప జాబితాలో ఏడోది చేర్చుకోవచ్చు. మీ ఆయనకి మాత్రం నెమ్మదిగా చెప్పండి, రోజూ ఆయన బండి పెట్టేది బహుశా ఆ చెట్టు కిందేనేమో.